కట్టని గదిలో వెలిగే దీపం

ఇల్లు గాని, బడి గాని, కల్యాణ మండపం గాని కట్టదలచినవారికి పునాది తీయకముందే దాని రూపాన్ని చూడవలెనని కోరిక ఉండడం సహజం. పూర్వం ఈ కోరికను కాగితం మీద గీసిన ప్లాను కొంతవరకు తీర్చేది. నేడు ఆ పనిని కంప్యూటరు చేస్తున్నది. గోడలు, కిటికీలు, తలుపులు, స్తంభాలు మొదలైనవాటి కొలతలిచ్చి ఒక నమూనాను తయారుచేస్తే, రాత్రిపూట దీపాలు వెలిగించినపుడు ఆ గది ఎట్లా ఉంటుందో తెర మీద బొమ్మగా చూపగల సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. 2000వ సంవత్సరంలో వెలువడి, 2002లో ఆటోడెస్క్ కంపెనీ చేతికి వచ్చిన రెవిట్ ఇటువంటిదే. జర్మనీలో తయారైన డయలక్స్, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో గ్రెగ్ వార్డ్ రూపొందించిన రేడియన్స్ అనేవి ప్రత్యేకంగా కాంతి లెక్కల కోసం పుట్టినవి.

ఈ సాఫ్ట్‌వేర్లలో పెద్ద కంపెనీల దీపాలు సిద్ధంగా దొరుకుతాయి. మనకు కావలసిన దీపం వాటిలో లేకపోతే ఏమి చేయవలెను? దర్శి ప్రాంతంలో ఒక మేదరి అల్లిన వెదురుబుట్టను బోర్లించి, లోపల బల్బు పెట్టి, ఒక పాఠశాల గ్రంథాలయంలో వేలాడదీయాలని అనుకొందాము. బుట్ట ఆకారాన్ని కంప్యూటరులో గీయడం కష్టం కాదు. కాని అంతమాత్రాన ఆ బొమ్మ దీపం కాదు. గీసిన బుట్ట చీకటిగానే ఉండిపోవచ్చును. లేదా బుట్ట మెరుస్తూ ఉన్నా గదిలో వెలుగు పడకపోవచ్చును. లేదా అసలు దీపం ఇవ్వలేనంత వెలుగును బొమ్మదీపం ఇవ్వవచ్చును. మొదటి రెండు పొరపాట్లు కంటికి కనిపిస్తాయి. మూడవది కనిపించదు. దానిని నమ్మి గది కట్టిన తరువాత, చదువుకొనే పిల్లల కళ్ళకు మాత్రమే అది తెలిసివస్తుంది. కాబట్టి దీపాన్ని కంప్యూటరుకు సరిగా పరిచయం చేయడం ఎట్లాగో తెలుసుకొనుట అవసరం. ఇందుకు కావలసిన భౌతికశాస్త్రం ఉన్నత పాఠశాల స్థాయిని దాటినది కాదు.

మూడు కొలతలు

కాంతిని గురించి మాట్లాడేటప్పుడు మూడు వేర్వేరు రాశులను స్పష్టంగా గుర్తుంచుకోవలెను.

దీపం నుంచి అన్ని దిక్కులకూ కలిపి వెలువడే మొత్తం వెలుగును కాంతి అభివాహం అంటారు. దీని ప్రమాణం ల్యూమెన్. బల్బు అట్టపెట్టె మీద వాట్ల పక్కన అచ్చువేసే సంఖ్య ఇదే. వాట్లు బల్బు వాడుకొనే విద్యుత్తును చెబుతాయి; ల్యూమెన్లు అది తిరిగి ఇచ్చే వెలుగును చెబుతాయి.

ఒక ప్రత్యేక దిశలో ఆ వెలుగు ఎంత చిక్కగా పోతున్నదో చెప్పేది కాంతి తీవ్రత. దీని ప్రమాణం కాండెలా. మామూలు కొవ్వొత్తి ఇంచుమించు ఒక కాండెలా తీవ్రత గలది. ఒక దిశ చుట్టూ తీసుకొన్న ఘనకోణంలో పోయే ల్యూమెన్లను ఆ ఘనకోణంతో భాగిస్తే కాండెలాలు వస్తాయి. ఒక బిందువు చుట్టూ ఉండే మొత్తం ఘనకోణం 4π, అనగా సుమారు 12.57 స్టెరేడియన్లు.

వెలుగు చివరకు పుస్తకం మీద, బల్ల మీద, గోడ మీద పడినపుడు చదరపు మీటరుకు ఎన్ని ల్యూమెన్లు పడినవో చెప్పేది ప్రదీపనం. దీని ప్రమాణం లక్స్. మనం చదవగలిగేదీ లేనిదీ నిర్ణయించేది ఈ లక్స్ సంఖ్యయే.

ఈ మూడింటినీ కలిపే సూత్రాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బూగేర్ 1729లోను, యోహాన్ హైన్రిఖ్ లాంబర్ట్ 1760లోను తమ గ్రంథాలలో వివరించారు. దీపానికి ఎదురుగా నిలిపిన తలం మీద ప్రదీపనం, తీవ్రతను దూరం వర్గంతో భాగించగా వచ్చేదానికి సమానం. తలం ఏటవాలుగా ఉంటే ఆ ఫలితాన్ని కోణం యొక్క కొసైన్‌తో గుణించవలెను. నేటి సాఫ్ట్‌వేర్లు ఎంత గొప్పవైనా, వాటి అడుగున పనిచేస్తున్నది ఈ పాత సూత్రమే.

ఒకే బల్బు, నాలుగు ఫలితాలు

దీపం ఆకారం, దాని కప్పు ఎందుకు ముఖ్యమో ఒక లెక్కతో చూద్దాము. 2000 ల్యూమెన్ల దీపాన్ని బల్లకు సరిగ్గా 2 మీటర్ల ఎత్తున వేలాడదీశాము. గోడల నుంచి వచ్చే వెలుగును ప్రస్తుతానికి వదిలివేద్దాము.

దీపం అన్ని దిక్కులకూ సమానంగా వెలుగునిస్తే దాని తీవ్రత 2000ను 12.57తో భాగించగా 159 కాండెలాలు. దీనిని 2 వర్గమైన 4తో భాగిస్తే, దీపం కింద బల్ల మీద ప్రదీపనం 40 లక్సులు మాత్రమే.

పైకి పోయే వెలుగునంతా ఏ నష్టమూ లేకుండా కిందికి తిప్పి, కింది సగంలో సమానంగా పంచితే తీవ్రత రెట్టింపై, బల్ల మీద 80 లక్సులు పడతాయి.

చదునైన ఎల్‌.ఇ.డి. పలక తీసుకొంటే అది ఎదుటికి ఎక్కువగాను, పక్కలకు పోయేకొద్దీ కొసైన్ ప్రకారం తక్కువగాను వెలుగునిస్తుంది. అప్పుడు ఎదుటి దిశలో తీవ్రత 2000ను πతో భాగించినంత, అనగా 637 కాండెలాలు. బల్ల మీద 159 లక్సులు.

ఆ వెలుగునే మొత్తం 60 డిగ్రీల శంకువులో బిగించగలిగితే ఘనకోణం 0.842 స్టెరేడియన్లు, తీవ్రత 2375 కాండెలాలు, బల్ల మీద 594 లక్సులు.

ల్యూమెన్లు మారలేదు, వాట్లు మారలేదు, దూరం మారలేదు. అయినా బల్ల మీద వెలుగు 40 నుంచి 594 లక్సుల వరకు మారింది. అంటే "ఇది 2000 ల్యూమెన్ల దీపం" అని కంప్యూటరుతో చెప్పినంత మాత్రాన అది ఏమీ తెలుసుకోలేదు. ఏ దిశలో ఎన్ని కాండెలాలు పోతున్నవో కూడా చెప్పవలెను.

దీపం జాతకం

దిశను బట్టి తీవ్రత మారే తీరును పట్టికగా వ్రాసి పెట్టడానికి అమెరికాలోని ఇల్యూమినేటింగ్ ఇంజనీరింగ్ సొసైటీ 1986లో ఒక పద్ధతిని నిర్ణయించింది. దాని పేరు ఎల్‌.ఎం.-63. ఆ సంస్థ పేరులోని పొడి అక్షరాలతో ఈ పట్టికలను ఐ.ఇ.ఎస్. ఫైళ్ళు అంటారు. యూరపులో ఇదే పనికి 1990లో యూలమ్‌డాట్ అనే పద్ధతి వచ్చింది.

ఐ.ఇ.ఎస్. ఫైలులో రహస్యమేమీ లేదు. దానిని మామూలు అక్షరాలు టైపుచేసే ఏ సాఫ్ట్‌వేరుతోనైనా తెరచి చదవవచ్చును. మొదట దీపం పేరు, తయారీదారు వివరాలు ఉంటాయి. తరువాత బల్బుల సంఖ్య, ఒక్కొక్కదాని ల్యూమెన్లు, గుణకం, కోణాల సంఖ్య, దీపం పొడవు వెడల్పులు, వాట్లు వరుసగా వస్తాయి. వాటి కింద నిలువు కోణాలు, అడ్డ కోణాలు, చివరకు ఆయా దిశలలో కాండెలాలు ఉంటాయి. నిలువు కోణాన్ని సున్న అంటే నేరుగా కిందికి, 90 అంటే అడ్డంగా, 180 అంటే నేరుగా పైకి అని లెక్కిస్తారు. ఈ సంఖ్యలను ఒక బిందువు చుట్టూ గీస్తే వచ్చే ఆకారం కొన్ని దీపాలకు బంగాళాదుంపవలె, కొన్నింటికి సీతాకోకచిలుక రెక్కలవలె ఉంటుంది.

దీపాల కంపెనీలు ఈ పట్టికను గోనియోఫోటోమీటర్ అనే యంత్రంతో తయారుచేస్తాయి. దీపాన్ని గాని, అద్దాన్ని గాని, కొలిచే సాధనాన్ని గాని కొద్దికొద్ది డిగ్రీల చొప్పున తిప్పుతూ ప్రతి దిశలోను వెలుగును కొలిచే యంత్రమది. మన దేశంలో కాంతి తీవ్రతకు జాతీయ ప్రమాణాన్ని ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల నిర్వహిస్తున్నది.

మేదరి బుట్టకు ఇటువంటి జాతకాన్ని ఎవరూ వ్రాసిపెట్టలేదు. కాబట్టి మనమే వ్రాసుకోవలెను.

బుట్టదీపాన్ని కొలుచుట

దీనికి కావలసినవి ఒక లక్స్ మీటరు, ఒక తిరిగే స్టూలు, అట్టతో చేసిన పెద్ద కోణమానిని, చీకటి గది. సెల్‌ఫోనులో ఉండే కాంతి సాధనం ఒక వెలుగును మరొకదానితో పోల్చడానికి పనికివస్తుంది గాని, దాని సంఖ్యలను ఖచ్చితమైన లక్సులుగా తీసుకోరాదు.

దీపాన్ని వేలాడదీసి చుట్టూ తిరిగితే నేల, కప్పు అడ్డువస్తాయి. అందుచేత ఒక ఉపాయం చేయవలెను. బుట్టను పక్కకు పడుకోబెట్టి, దాని అక్షం నేలకు సమాంతరంగా ఉండేట్లు స్టూలు మీద అమర్చవలెను. బల్బు స్టూలు తిరిగే అక్షానికి సరిగ్గా మీదుగా ఉండవలెను. లక్స్ మీటరును అదే ఎత్తులో 2 మీటర్ల దూరాన కదలకుండా నిలపవలెను. ఇప్పుడు స్టూలును తిప్పితే బుట్ట అడుగు వైపు, పక్క వైపు, పై వైపు వరుసగా మీటరుకు ఎదురవుతాయి. ఎల్‌.ఇ.డి. బల్బు ఇచ్చే వెలుగు దానిని పడుకోబెట్టినంత మాత్రాన చెప్పుకోదగినంతగా మారదు.

రెండు మీటర్ల దూరమే ఎందుకు? దీపం యొక్క పెద్ద కొలతకు కనీసం ఐదు రెట్ల దూరంలో నిలబడి కొలిస్తే దానిని ఒక బిందువుగా భావించి, విలోమ వర్గ నియమాన్ని వాడవచ్చును. బుట్ట వెడల్పు 40 సెంటీమీటర్లైతే దానికి ఐదు రెట్లు సరిగ్గా 2 మీటర్లు. అంతకన్న దగ్గరలో నియమం తప్పుతుంది.

వెదురుబద్దల నీడలు మీటరు మీద పడి లెక్కను తారుమారు చేయవచ్చును. అందుచేత ప్రతి కోణంలోను బుట్టను దాని అక్షం చుట్టూ నాలుగు వైపులకు తిప్పి, నాలుగు కొలతల సగటును తీసుకోవలెను. గోడల నుంచి తిరిగివచ్చే వెలుగు మీటరులో పడకుండా మీటరు వెనుక, దీపం వెనుక నల్లని గుడ్డలు కట్టవలెను. మీటరుకు, దీపానికి నడుమ ఒక అట్ట అడ్డుపెట్టి చూస్తే నేరుగా వచ్చే వెలుగు ఆగిపోతుంది. అప్పుడు మిగిలినది గోడల వెలుగే కనుక, దానిని కొలతలోనుంచి తీసివేయవచ్చును.

ఉదాహరణకు 15, 45, 75, 105, 135, 165 డిగ్రీల వద్ద మీటరు వరుసగా 60, 40, 15, 5, 10, 20 లక్సులు చూపినదనుకొందాము. ప్రతిదానిని దూరం వర్గమైన 4తో గుణిస్తే తీవ్రతలు 240, 160, 60, 20, 40, 80 కాండెలాలు. దీపం జాతకం దాదాపు తయారైనట్లే.

ఇప్పుడు దానిని సరిచూడవలెను. దీపం చుట్టూ ఉన్న గోళాన్ని 30 డిగ్రీల పట్టీలుగా కోస్తే, రెండు కోణాల మధ్యనున్న పట్టీ ఘనకోణం, వాటి కొసైన్ల భేదాన్ని 2πతో గుణించగా వస్తుంది. 0 నుంచి 30 వరకు 0.842, 30 నుంచి 60 వరకు 2.300, 60 నుంచి 90 వరకు 3.142 స్టెరేడియన్లు. పై సగంలోను ఇవే విలువలు తిరగబడి వస్తాయి. ప్రతి తీవ్రతను దాని పట్టీతో గుణిస్తే 202, 368, 188, 63, 92, 67 ల్యూమెన్లు. మొత్తం సుమారు 980 ల్యూమెన్లు.

బల్బు పెట్టె మీద 1400 ల్యూమెన్లని ఉంటే, బుట్ట నుంచి నూటికి 70 వంతులు బయటకు వస్తున్నవని, మిగిలిన 30 వంతులు వెదురు మింగివేస్తున్నదని అర్థం. ఇది నమ్మదగిన ఫలితం. ఎప్పుడైనా ఈ మొత్తం 1400ను మించితే కొలతలో గాని, బల్బు పెట్టె మీది సంఖ్యలో గాని ఎక్కడో తప్పున్నదని వెంటనే తెలుసుకోవచ్చును. బుట్ట వెలుగును మింగగలదే గాని పుట్టించలేదు. శక్తి నిత్యత్వ నియమమే ఇక్కడ మన తనిఖీదారు.

నమూనాలో దీపాన్ని అమర్చుట

రెవిట్ వంటి సాఫ్ట్‌వేరులో దీపానికి రెండు భాగాలుంటాయి. ఒకటి కంటికి కనబడే ఆకారం: బుట్ట, తీగ, హోల్డరు. రెండవది కంటికి కనబడని కాంతి జనకం. ఈ రెండవదానికే వెలువడే చోటు యొక్క ఆకారం, వెలుగు పంపకం, ల్యూమెన్లు, రంగు, నష్ట గుణకం మొదలైన గుణాలు ఇవ్వవలెను. వెలువడే ఆకారాన్ని బిందువు, గీత, దీర్ఘచతురస్రం, వృత్తం అని ఎంచుకోవచ్చును. పంపకాన్ని గోళం, అర్ధగోళం, శంకువు అని, లేదా ఐ.ఇ.ఎస్. పట్టిక ప్రకారం అని చెప్పవచ్చును. బొమ్మ సరిగా రాకపోవడానికి తరచు కనబడే కారణాలు ఇవి.

మొదటిది, కాంతి జనకాన్ని మూసిన ఘనపదార్థం లోపల ఉంచుట. కంప్యూటరు దృష్టిలో బుట్టను కంతలు లేని గిన్నెగా గీసి దానిలోపల బల్బు పెడితే వెలుగు బయటకు రాదు. గాజు అనుకొని గీసిన కప్పుకు గాజు గుణాన్ని ఇవ్వడం మరచిపోతే అది ఇనుప కప్పుతో సమానం.

రెండవది, ఆకారానికి "మెరుపు" గుణమిచ్చి అదే దీపమనుకొనుట. చాలా సాఫ్ట్‌వేర్లలో ఈ గుణం ఆ వస్తువును తెల్లగా చూపుతుందే గాని, చుట్టూ ఉన్నవాటి మీద లెక్కకు తగిన వెలుగును వేయదు. చిత్రంలోని సూర్యుని వద్ద చలికాచుకోలేము గదా!

మూడవది చాలా సూక్ష్మమైనది. మనం కొలిచిన పట్టికలో బుట్ట మింగిన 30 వంతులూ ఇదివరకే తీసివేయబడ్డాయి. ఆ పట్టికను వాడుతూ కాంతి జనకాన్ని మళ్ళీ బుట్ట లోపలే ఉంచితే, గీసిన బుట్ట వెలుగును రెండవసారి మింగుతుంది. 0.7ను 0.7తో గుణిస్తే 0.49. అసలు దీపంలో సగానికి మించి వెలుగు వస్తుంటే బొమ్మలో సగం కూడా రాదు. కాబట్టి పట్టికను వాడితే జనకాన్ని బుట్ట అడుగుకు కాస్త బయట ఉంచవలెను. లేదా ఆ బుట్ట నీడ వేయకుండా అమర్చవలెను. పట్టిక లేకుండా ఒట్టి బల్బు వెలుగును వాడితే మాత్రం జనకం బుట్ట లోపలే ఉండవలెను, అల్లికను కంతలతో సహా గీయవలెను. ఈ రెండు పద్ధతులనూ కలపరాదు.

రెండింటిలో ఏది మంచిది? గోడ మీద అల్లిక నీడలు అందంగా పడుట చూపదలిస్తే రెండవది కావలెను. ఎందుకనగా సగటు తీసిన పట్టికలో నీడల వివరం మిగలదు. కాని చిన్న కంతలలోనుంచి కిరణాలను వెదకి పట్టుకొనుట కంప్యూటరుకు శ్రమ. బొమ్మ తయారగుటకు చాలా సమయం పడుతుంది, తయారైనదానిలో ఇసుక చల్లినట్లు మచ్చలు వస్తాయి. పుస్తకం మీద ఎన్ని లక్సులు పడునో తెలియవలెనంటే మొదటి పద్ధతి చాలును.

నాలుగవది, కొలతల ప్రమాణం. ఐ.ఇ.ఎస్. ఫైలులో దీపం పొడవు వెడల్పులు అడుగులలో ఉంటే 1 అని, మీటర్లలో ఉంటే 2 అని ఒక అంకె వ్రాస్తారు. ఈ ఒక్క అంకె తప్పితే 40 సెంటీమీటర్ల బుట్ట 12 సెంటీమీటర్లదిగా మారుతుంది.

ఐదవది, పొడవైన ట్యూబులైటును బిందువుగా చూపుట. గోడకు దగ్గరగా ఉన్న నాలుగడుగుల ట్యూబు గోడ మీద పొడవైన వెలుగుపట్టీని వేస్తుంది. బిందువుగా చూపితే గుండ్రని మచ్చ పడుతుంది. అటువంటి దీపాలకు గీత ఆకారాన్నే ఎంచుకోవలెను.

గోడలు ఇచ్చే వెలుగు

దీపం నుంచి నేరుగా వచ్చే వెలుగు కథలో సగమే. గోడను తాకిన వెలుగులో కొంత తిరిగివచ్చి, మరొక గోడను తాకి, మళ్ళీ తిరుగుతుంది. 1984లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన శాస్త్రజ్ఞులు వేడి ప్రసరణకు వాడే సమీకరణాలను ఈ కాంతి మార్పిడికి అన్వయించారు. 1986లో జేమ్స్ కజియా అన్ని రకాల పరావర్తనాలనూ ఒకే సమీకరణంలో ఇమిడ్చాడు. నేటి చిత్రణ సాఫ్ట్‌వేర్లన్నీ ఏదో ఒక విధంగా ఆ సమీకరణాన్నే సాధిస్తున్నాయి.

విద్యార్థులు దీనిని గుణశ్రేఢితో ఊహించుకోవచ్చును. అన్ని వైపులా మూసిన గదిలో గోడలు తమమీద పడిన వెలుగులో నూటికి 70 వంతులు తిరిగి పంపుతాయనుకొందాము. గోడల మీద పడే మొత్తం వెలుగు 1, 0.7, 0.49, 0.343 అని కూడుతూ పోగా చివరకు 1ని 0.3తో భాగించినంత, అనగా 3.33 రెట్లు అవుతుంది. సున్నం వేయని సిమెంటు గోడలు 30 వంతులే తిరిగి పంపుతాయనుకొంటే ఇది 1.43 రెట్లే. బల్బు మార్చకుండా, గోడకు తెల్లసున్నం వేసినంత మాత్రాన ఇంత తేడా వస్తుంది. గోడలకు సరియైన పరావర్తన గుణకం ఇవ్వకపోతే దీపాన్ని ఎంత శ్రద్ధగా కొలిచినా ఫలితం తప్పుతుంది. కంప్యూటరును మూడు పరావర్తనాల వద్దనే ఆపివేస్తే 3.33కు బదులు 2.53 మాత్రమే లెక్కకు వస్తుంది.

మన జిల్లాలోని చీమకుర్తి నల్లరాయి ఇక్కడ మంచి ఉదాహరణ. బ్రాంజైట్ ఖనిజపు రేకులు బంగారు చుక్కలవలె మెరిసే ఈ రాయిని గెలాక్సీ గ్రానైటు పేరుతో దేశదేశాలలో అమ్ముతారు. మెరుగుపెట్టిన ఈ నేల దీపాల ప్రతిబింబాలను అద్దంవలె చూపుతుంది గాని, గదిలోకి వెలుగును వెదజల్లదు. సున్నపు గోడ దీనికి సరిగ్గా విరుద్ధం. ఈ రెండు గుణాలనూ విడివిడిగా చెప్పకపోతే బొమ్మలోని నేల నల్ల రంగు పూసిన సిమెంటువలె కనిపిస్తుంది.

రంగు సంగతి

ఐ.ఇ.ఎస్. పట్టిక వెలుగు ఎంతో చెబుతుంది; దాని రంగును చెప్పదు. రంగును వర్ణ ఉష్ణోగ్రత రూపంలో మనమే ఇవ్వవలెను. 2700 కెల్విన్లు అంటే పసుపు ఛాయ గల వెచ్చని వెలుగు. 6500 కెల్విన్లు అంటే నీలి ఛాయ గల తెల్లని వెలుగు.

వర్ణ ఉష్ణోగ్రత ఒకటే అయిన రెండు దీపాల కింద కూడా ఒకే వస్తువు రెండు రంగులుగా కనిపించవచ్చును. ఈ సంగతి మిరప పండించే మన రైతులకు చాలా ముఖ్యం. సామాన్యపు తెల్ల ఎల్‌.ఇ.డి.లో ఉన్నది నీలి కాంతినిచ్చే చిప్పు, దానిపై పసుపు కాంతినిచ్చే పూత. ఆ నీలి ఎల్‌.ఇ.డి.ని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఐతే ఈ వెలుగులో ముదురు ఎరుపు తక్కువ. పండు మిరపకాయ ఎరుపుకు కారణమైన క్యాప్సాంథిన్ నీలి, ఆకుపచ్చ కాంతులను మింగి ఎరుపును తిరిగి పంపుతుంది. దీపంలోనే ఎరుపు తక్కువైతే కాయ తిరిగి పంపేదేమున్నది? మేలైన కాయ సైతం మందంగా కనిపిస్తుంది. తాలుకాయకూ మంచి కాయకూ తేడా తగ్గుతుంది.

రంగులను చూపే శక్తికి దీపాల పెట్టెల మీద సి.ఆర్.ఐ. అనే సూచికను వేస్తారు. దానిని ఎనిమిది లేత రంగుల నమూనాలతో సగటుగా లెక్కిస్తారు. ముదురు ఎరుపు తొమ్మిదవ నమూనా. ఆ సగటులో అది చేరదు. అందుచేత సూచిక 80 ఉన్న దీపం కూడా మిరప రంగును సరిగా చూపకపోవచ్చును. కోల్డు స్టోరేజిలోను, కొట్టులోను కాయ తరగతిని నిర్ణయించవలసివస్తే పగటి వెలుగులో చూచుట మంచిది. లేదా తొమ్మిదవ నమూనా విలువను అడిగి దీపం కొనవలెను. చాలా చిత్రణ సాఫ్ట్‌వేర్లు కాంతిని ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు సంఖ్యలుగానే లెక్కిస్తాయి కనుక ఈ లోపం బొమ్మలో కనబడదు.

బొమ్మను నమ్మవచ్చునా?

ఒక తరగతి గది 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు గలది. వైశాల్యం 48 చదరపు మీటర్లు. లోపలి వెలుగును గురించిన భారత ప్రమాణం ఐ.ఎస్. 3646 (1992) తరగతి గదులకు 200 నుంచి 500 లక్సుల పరిధినిచ్చి, మధ్య విలువగా 300ను సూచించింది. 300ను 48తో గుణిస్తే బల్లల మీద పడవలసినవి 14,400 ల్యూమెన్లు. దీపాల వెలుగులో 0.6 వంతే బల్లలను చేరుతుందని, దుమ్ము, వయస్సుల వల్ల అందులో 0.8 వంతే మిగులుతుందని తీసుకొంటే, మొత్తం 30,000 ల్యూమెన్లు కావలెను. 20 వాట్ల ఎల్‌.ఇ.డి. ట్యూబు ఒకటి 2000 ల్యూమెన్లు ఇస్తే 15 ట్యూబులు అవసరం. నాలుగే బిగిస్తే 80 లక్సులు.

జిన్నింగు మిల్లుల పత్తి పీచు, మిరప కల్లాల దుమ్ము గల మన ప్రాంతంలో ఆ 0.8 కూడా ఎక్కువే కావచ్చును. కంప్యూటరులో నష్ట గుణకాన్ని 1గా వదిలివేస్తే అది కొత్త దీపాన్ని, తుడిచిన దీపాన్ని, ఎన్నటికీ ముసలికాని దీపాన్ని చూపిస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. 15 ట్యూబుల గది బొమ్మను, 4 ట్యూబుల గది బొమ్మను పక్కపక్కన పెడితే రెండూ ఒకేవిధంగా కళకళలాడవచ్చును. ఎందుకనగా సాఫ్ట్‌వేరు కెమెరావలె బొమ్మ వెలుగును తనంతట తాను సర్దుతుంది. వెలుగు నాలుగవ వంతైతే కెమెరా కన్నును నాలుగు రెట్లు తెరుస్తుంది. కాబట్టి రెండు బొమ్మలను పోల్చేటప్పుడు ఈ సర్దుబాటును ఒకే విలువ వద్ద కట్టివేయవలెను. అంతకన్న మంచిది బొమ్మతోపాటు లక్సుల పటాన్ని అడుగుట. బల్లల ఎత్తున ఎక్కడ 100, ఎక్కడ 300 అని రంగులతో చూపే పటాన్ని డయలక్స్ వంటి సాఫ్ట్‌వేర్లు ఇస్తాయి. ఇల్లు కట్టించేవారు, పాఠశాల కమిటీలు ఇంజనీరును అడగవలసినది ఈ పటాన్నే.

2019 నవంబరు 14న ఒంగోలులో ప్రారంభమైన మన బడి నాడు–నేడు కార్యక్రమంలో ప్రభుత్వ పాఠశాలలకు సమకూర్చవలసిన వసతులలో ఫ్యాన్లతోపాటు ట్యూబులైట్లు కూడా ఉండేవి. ట్యూబులు ఎన్ని బిగించారో లెక్కించుట సులభం. పిల్లవాని పుస్తకం మీద ఎన్ని లక్సులు పడుతున్నవో కొలుచుట అంతకన్న ఉపయోగకరం.

ఉపాధ్యాయులు దీనిని ఒక సాయంకాలపు ప్రయోగంగా చేయించవచ్చును. చీకటి పడిన తరువాత తరగతి గదిలో దీపాలు వెలిగించి, మీటరుకొక చోటున బల్ల ఎత్తులో లక్స్ మీటరు పెట్టి, 48 సంఖ్యలను గ్రాఫు కాగితం మీద వ్రాయించవలెను. సమాన విలువలున్న చోట్లను గీతలతో కలిపితే పటం తయారవుతుంది. ట్యూబులను పొడిగుడ్డతో తుడిపించి మరునాడు మళ్ళీ కొలిస్తే దుమ్ము ఎంత వెలుగును తిన్నదో తెలుస్తుంది; తుడిచే ముందు మెయిన్ స్విచ్చి ఆపించుట మరువరాదు. కంప్యూటరు ఉన్న పాఠశాలలో అదే గదిని నమూనాగా గీసి, రెండు పటాలనూ పోల్చవచ్చును. అవి కలవనిచోట గోడ రంగా, దుమ్మా, దీపం పట్టికా, ఏది తప్పుగా ఇచ్చామో వెదకుట విద్యార్థులకు కాంతిశాస్త్రంలో ఒక మంచి పాఠం.